వెర్సాయ్ రాజమహల్లో స్నానాలూ మరుగుదొడ్లూ: మీ ప్రశ్నలు, నా జవాబులు

కిందటి సంచికలో ఫ్రెంచి విప్లవం గురించి రాస్తూ, పారిస్ దగ్గర ఫ్రాన్స్ రాజులు నివసించిన వెర్సాయ్ మహల్ వసారాల్లో ముక్కు మూసుకోవాల్సినంత కంపు ఉండేదని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం పట్టుకునే ఎక్కువమంది ఉత్తరాలు రాశారు. విప్లవం సంగతి అడిగినవాళ్లు తక్కువ. నాకది సంతోషమే. కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్లూ యుద్ధాలు, సంధులు, తేదీలు చెప్పాను గానీ, ఆ మనుషులు పొద్దున్నే లేచి ఏం చేసేవారో చెప్పడానికి సిలబస్‌లో చోటుండేది కాదు. యానాంలో పుట్టి, అక్కడి ఫ్రెంచి బడిలో చదువుకున్నాను కాబట్టి ఆనాటివాళ్లు రాసుకున్న జ్ఞాపకాలు, ఉత్తరాలు వాళ్ల మాటల్లోనే చదువుకోగలిగాను. ఈసారి శీర్షిక మొత్తం ఈ ప్రశ్నలకే.

ప్రశ్న: మేడం, ఫ్రాన్స్ రాజు 14వ లూయీ జీవితం మొత్తంలో మూడే మూడుసార్లు స్నానం చేశాడని వాట్సాప్‌లో వచ్చింది. మా ఫ్రెండ్సంతా నమ్మేశారు. నిజమా?
— ఇంటర్ విద్యార్థి, తెనాలి

నిజం కాదు బాబూ. 14వ లూయీ 1638లో పుట్టి, 1715లో పోయాడు. కుర్రతనంలో సెన్ నదిలో దిగి ఈత కొట్టేవాడు. వెర్సాయ్ మహల్ని పెంచి కట్టిస్తున్నప్పుడు, 1670ల్లో, కింది అంతస్తులో కొన్ని గదులు వరసగా స్నానాల కోసమే కట్టించాడు. అందులో ఒకే రాతిని తొలిచి చేసిన ఎనిమిది పలకల పాలరాతి తొట్టె పెట్టించాడు. దాని వెడల్పు సుమారు మూడు మీటర్లు. నీళ్లంటే గిట్టనివాడు ఇంత ఖర్చు పెట్టడు కదా. అయితే ఆ గదులు మనం అనుకునే ఒళ్లు తోముకునే స్నానానికి కాదు. ఎండాకాలం చల్లగా సేదతీరడానికి, ఇష్టమైనవాళ్లతో కబుర్లాడుకోవడానికి. కొన్నేళ్లకే ఆ మోజు తీరిపోయి, గదులన్నీ మార్పించి ప్రియురాలు మాదాం ద మోంతెస్పాన్‌కి నివాసంగా ఇచ్చేశాడు.

రాజుగారి ఆరోగ్యం గురించి ఆయన వైద్యులు 1647 నుంచి 1711 దాకా ఒక డైరీ రాస్తూ వచ్చారు. అందులో స్నానం మాట చాలా అరుదుగా వస్తుంది. 1665లో మందుగా స్నానాలు చేయించడం లాంటి సందర్భాలే కనిపిస్తాయి. మందుగా చేయించిన స్నానాలనే మొత్తం స్నానాల లెక్క కింద ఎవరో రాసేసి ఉంటారు. వాట్సాప్ దాకా వచ్చింది ఆ లెక్కే.

ఇక రోజూ జరిగేదేమిటంటే, పొద్దున్న ఎనిమిది ప్రాంతంలో మంచం పక్కన పడుకున్న పెద్ద సేవకుడు లేపేవాడు. చేతుల మీద కాస్త స్పిరిట్ పోసేవారు, దానితో చేతులు తుడుచుకునేవాడు. గడ్డం రోజు మార్చి రోజు. ఆ తర్వాత అసలు ఘట్టం, చొక్కా మార్చడం. రాత్రి చొక్కా తీసి, ఉతికి వెచ్చబెట్టిన తెల్లని నారచొక్కా తొడగాలి. ఆ చొక్కా రాజుకి అందించడం అందరికీ దక్కే పని కాదు. గదిలో యువరాజు ఉంటే ఆయనే అందించాలి, లేకపోతే హోదాలో తర్వాతి పెద్దమనిషి. వేటకి వెళ్లొస్తే మళ్లీ చొక్కా మార్పు, బంతాట ఆడొస్తే మళ్లీ మార్పు. వాళ్ల లెక్కలో స్నానం అంటే అదే. ఒంటి మీది చెమటని, మురికిని బట్ట పీల్చుకుంటుంది, ఆ బట్ట మారిస్తే మనిషి శుభ్రం. కాలర్ దగ్గర, మణికట్టు దగ్గర ఆ తెల్లబట్ట అంచు బయటికి కనిపించేలా తొడుక్కునేది కూడా అందుకే. ఎదుటివాడు మనిషి శుభ్రాన్ని ఆ అంచు చూసి అంచనా కట్టేవాడు.

అందుకని బాబూ, మీ ఫ్రెండ్స్‌కి ఇలా చెప్పు: ఆయన మురికి మనిషి కాదు. శుభ్రం అనే మాటకి ఆయన కాలంలో ఉన్న కొలత వేరు.

ప్రశ్న: టీచర్ గారూ, నీళ్లంటే వాళ్లకి అంత భయం ఎందుకు? మన ఇళ్లలో నలుగు, తలంటు లేకుండా పండగే లేదు. మన రాజులు ఎలా ఉండేవారో కూడా చెప్పండి.
— గృహిణి, వరంగల్

మొదటి నుంచీ భయం లేదమ్మా. 13వ శతాబ్దంలో పారిస్‌లో ఆవిరి స్నానాల దుకాణాలు చాలా ఉండేవి. నీళ్లు కాగాయి రండి అని పొద్దున్నే వీధుల్లో కేకలు వేసి పిలిచేవారు. 1348లో ప్లేగు వచ్చింది. పారిస్ విశ్వవిద్యాలయం వైద్యులు రాజు అడిగితే కారణాలు వెతికి, చెడుగాలి ఒంట్లోకి దూరడం వల్లనే రోగం అని తేల్చారు. వేడినీళ్ల స్నానం చేస్తే చర్మం మీది రంధ్రాలు తెరుచుకుంటాయి, ఆ దారిన రోగం లోపలికి వస్తుంది అన్న నమ్మకం దాంతో గట్టిపడింది. ఆ తర్వాత తరతరానికీ ప్లేగు తిరిగి వస్తూనే ఉంది. పైగా స్నానాల దుకాణాలకి వ్యభిచారం పేరు కూడా వచ్చింది. 16వ శతాబ్దంలో అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. అంటే వాళ్లు నీళ్లు మానేసింది బద్ధకం వల్ల కాదు, ప్రాణభయం వల్ల. ఆనాటి డాక్టరు చెప్పిన జాగ్రత్త అది. మనం ఇవాళ డాక్టరు మాట వింటున్నట్టే వాళ్లూ విన్నారు.

ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ బేకన్ అనే పెద్ద పండితుడు స్నానం ఎలా చేయాలో రాశాడు. ముందు ఒళ్లంతా నూనె పట్టించాలట. తర్వాత రెండు గంటలు నీళ్లలో కూర్చోవాలి. బయటికి రాగానే కుంకుమపువ్వు, సువాసన బంకలు పూసిన మైనపు గుడ్డ ఒంటికి చుట్టుకుని ఒక పగలూ ఒక రాత్రీ ఉండాలి. తెరుచుకున్న రంధ్రాలు మళ్లీ మూసుకోవడానికి ఆ ఏర్పాటు. స్నానానికి ముందు నూనె అనగానే నాకు మన తలంటే గుర్తొచ్చింది. కానీ మనం నూనె పెట్టేది నలుగుతో, కుంకుడు రసంతో వదలగొట్టుకోవడానికి. ఆయన నూనె పెట్టింది నీళ్లు ఒంట్లోకి దూరకుండా కాపలాకి.

మన రాజుల సంగతి అడిగారు కాబట్టి ఒక్కటి చెబుతాను. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వ్యాపారి దొమింగో పాయిష్ కృష్ణదేవరాయల దినచర్య రాశాడు. తెల్లవారకముందే లేచి ముప్పావు పైంటు నువ్వుల నూనె తాగేవాడట. అంటే ఇంచుమించు రెండు టీ గ్లాసులు నిండా. అదే నూనె ఒంటికి మర్దనా చేయించుకుని, బరువులు ఎత్తి, కత్తి తిప్పి, ఒళ్లంతా పట్టిన చెమటతో నూనె బయటికి వచ్చేదాకా కసరత్తు చేసి, మల్లులతో కుస్తీ పట్టి, గుర్రం మీద తిరిగొచ్చి, అప్పుడు స్నానం. స్నానం చేయించడానికి ప్రత్యేకంగా ఒక బ్రాహ్మణుడు. చెమట పట్టించి వదిలించడం ఇక్కడి పద్ధతి. చెమటని బట్టకి అద్దడం అక్కడి పద్ధతి.

నీళ్ల కొరత వల్ల స్నానాలు తక్కువేమో అని ఇంకొకరు కూడా రాశారు. వెర్సాయ్‌లో నీళ్ల కరువు నిజమే. కానీ దొరికిన నీళ్లు ఎక్కడికి పోయాయో చూడండి. సెన్ నది మీద మార్లీ దగ్గర 14 పెద్ద చక్రాలతో ఒక యంత్రం కట్టి, 1684 నుంచి నీళ్లని 150 మీటర్లకి పైగా ఎత్తుకి తోడారు. అంతా తోటలోని ఫౌంటెన్ల కోసం. అయినా చాలేది కాదు. రాజు తోటలో నడుస్తుంటే ముందున్న ఫౌంటెన్‌ని విప్పడానికి, ఆయన దాటిపోయిన దాన్ని కట్టేయడానికి కుర్రాళ్లు ఈలలతో సైగలు చేసుకునేవారు. గదుల్లోకి మాత్రం నీళ్లు బిందెల్లోనే వచ్చేవి, సేవకుల భుజాల మీద.

ప్రశ్న: అంత పెద్ద మహల్లో ఒక్క మరుగుదొడ్డి కూడా లేదంటారు. జనం తెరల వెనక, మెట్ల కింద కానిచ్చేసేవారని విన్నాను. ఇన్‌ఫెక్షన్ల మధ్య పనిచేసే దాన్ని, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
— స్టాఫ్ నర్సు, విశాఖపట్నం

ఒక్కటీ లేదన్నది తప్పమ్మా. చాలినన్ని లేవన్నది నిజం. మీరు రోజూ వార్డుల్లో చూసే కమోడ్ కుర్చీ లాంటిదే అప్పట్లో ప్రధాన సాధనం. కుర్చీ మధ్యలో రంధ్రం, దాని కింద తీసి పెట్టుకునే కుండ, మీద మూత. 14వ లూయీ సామాన్ల పట్టీలో ఇలాంటి కుర్చీలు 274 ఉన్నాయి. ఎర్ర మఖమల్ తొడిగినవి, పట్టు అంచులు కుట్టినవి. బయటి నుంచి చూస్తే మామూలు ఆసనంలా ఉండేవి. హోదా ఉన్నవాళ్లందరి గదిలోనూ ఇదే ఏర్పాటు.

తిప్పలన్నీ మిగతావాళ్లవి. 1682లో రాజు దర్బారు మొత్తాన్నీ వెర్సాయ్‌కి మార్చేశాక వేలమంది అక్కడ బతికారు. వాళ్లు కాక, శుభ్రమైన బట్టలు, నడుముకి కత్తి ఉన్న ఏ మగవాడైనా మహల్లోకి రావచ్చు. కత్తి లేకపోతే గేటు దగ్గర అద్దెకిచ్చేవారు. అలా రోజూ వచ్చిపోయే జనానికి వసారాల చివర, మెట్ల పక్కన కట్టిన పాయిఖానాలు కొన్ని ఉండేవి. కింద గుంట, పైన పలక, మధ్యలో గొట్టం. ఆ గొట్టాలు కారేవి, గోడలు నానేవి, తలుపు తీస్తే వాసన వసారా అంతా కమ్మేది. అక్కడిదాకా ఓపిక లేనివాళ్లు చీకటి మూలలు వెతుక్కున్నారు. 1764లో లా మొరాందియేర్ అనే ఆయన దాని గురించి కడుపుమండి రాశాడు. తోటలో, మహల్లో, దారుల్లో, మంత్రుల కార్యాలయాల వైపు ఎక్కడ చూసినా మలమూత్రాలేనని, ఒక పంది మాంసం కొట్టువాడు అక్కడే పందుల్ని కోసి కాలుస్తున్నాడని, వీధిలో మురుగు నిలిచి అందులో చచ్చిన పిల్లులు తేలుతున్నాయని. అంత కోపంగా రాశాడంటేనే ఆనాటివాళ్లకి కూడా అది మామూలు సంగతి కాదని, వాళ్లకీ ముక్కు ఉందని తెలుస్తోంది. ఈ ముక్క వదిలేసి మిగతాది మాత్రమే చెప్పుకోవడం వాళ్లకి అన్యాయం.

వెర్సాయ్ సంగతి ఇలా ఉంటే, దర్బారు శరదృతువులో వేటకి వెళ్లే ఫాంతేన్‌బ్లో మహల్ ఇంకా కష్టం. రాజుగారి తమ్ముడి భార్య, జర్మనీ నుంచి వచ్చిన కోడలు, అక్కణ్నుంచి 1694 అక్టోబరు 9న తన మేనత్తకి ఉత్తరం రాసింది. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లగలిగే అదృష్టం ఉంది, నేను ఇక్కడ సాయంత్రం దాకా బిగబట్టుకోవాలి, అడివి వైపున్న ఇళ్లకి ఆ సదుపాయమే లేదు, బయటికి పోవాలి, పోతే ఆడా మగా, పిల్లలు, పాదరీలు, స్విస్ కాపలావాళ్లు అందరూ అటే తిరుగుతుంటారు అని. ఉత్తరంలో వాడిన మాటలు ఇంకా మొరటు, అచ్చు వేయలేను. ఒక రాజు తమ్ముడి భార్యకి ఈ గతి! పల్లెల్లో పొద్దు పోయేదాకా ఓర్చుకున్న మన అమ్మమ్మల బాధే ఆమెదీ. ఇంకో సంగతి. ఈమె కొడుకే తర్వాత ఫ్రాన్స్‌కి రాజప్రతినిధి అయి, మన కృష్ణాతీరపు గనుల్లో దొరికిన రీజెంట్ వజ్రాన్ని 1717లో కొన్నాడు. అది ఇప్పటికీ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: రాజు ఆ కుర్చీ మీద ఉన్నప్పుడు చుట్టూ మనుషులు ఉండేవారని చదివాను. వాళ్లకి సిగ్గు అనేది ఉండేది కాదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

ఉండేవారు. పైగా ఆ సమయంలో లోపలికి రావడానికి ప్రత్యేకంగా రాజపత్రం ఉండాలి. అది దక్కడం గొప్ప. కారణం సులువు. రాజు చుట్టూ రోజంతా వందల మంది. ఆ కాసేపు మాత్రం నలుగురైదుగురే. చెవిలో ఒక మాట వేయాలన్నా, కొడుక్కి ఉద్యోగం అడగాలన్నా అంతకన్నా మంచి అదను దొరకదు. కుర్చీని మోసి తెచ్చి పెట్టే కొలువు కూడా డబ్బు పోసి కొనుక్కునేవారు. మఖమల్ కోటు తొడుక్కుని, నడుముకి కత్తి కట్టుకుని ఆ పని చేసేవారు.

ఇంగ్లండ్‌లో అయితే 8వ హెన్రీ దగ్గర ఈ పనికి నియమించిన వ్యక్తి రాజ్యంలోకెల్లా రాజుకి దగ్గరి మనిషి. రాజు ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన ఉండేది అతనే, సొంత ఖర్చుల డబ్బు చూసేదీ అతనే. అంత దగ్గరితనం ప్రాణం మీదికి కూడా తెచ్చింది. ఆ కొలువులో ఉన్న హెన్రీ నోరిస్‌ని రాణి ఆన్ బొలీన్‌తో సంబంధం అంటగట్టి 1536లో తల నరికించారు. కొలువు మాత్రం పేరు, పని మారి 1901 దాకా కొనసాగింది.

ఇంకో కథ ఉంది. దర్బారులో ఉంటూ అందరి గురించీ రాసిపెట్టుకున్న సెన్ సిమోన్ ప్రభువు చెప్పింది. వాందోమ్ అనే సేనాధిపతి తన కుర్చీ మీద కూర్చునే అందరితో మాట్లాడేవాడు. ఇటలీలో ఉండగా పార్మా ప్రభువు ఒక బిషప్‌ని రాయబారిగా పంపాడు. మాటల మధ్యలో సేనాధిపతి లేచి ఆయన ముందే తుడుచుకున్నాడు. బిషప్ అవమానం పట్టలేక అటునుంచి అటే వెళ్లిపోయాడు. ఆయన బదులు అల్బెరోని అనే మామూలు పాదరీని పంపారు. ఇతనికీ అదే దర్శనం. ఇతను మాత్రం ఆహా అని పొగిడి దగ్గరికి వెళ్లాడు. అక్కడ మొదలైన అదృష్టం అతన్ని స్పెయిన్ రాజ్యాన్ని నడిపే మంత్రిగా, 1717లో కార్డినల్‌గా చేసింది. సెన్ సిమోన్‌కి వాందోమ్ అంటే పడదు, కొంత ఉప్పూ కారం కలిపి ఉంటాడు. అయినా బిషప్‌కి వచ్చిన కోపం చూడండి. సిగ్గు లేదని కాదు. పైవాడు కిందివాడి ముందు సిగ్గుపడక్కర్లేదన్న పద్ధతి అది. ఆ బిషప్ లేచిపోవడం నాకు నచ్చిన ఘట్టం.

ఈ పద్ధతి శాశ్వతం కూడా కాదు. తర్వాతి రాజు 15వ లూయీ తలుపులు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన స్నానాల గదిలో రెండు తొట్టెలు, ఒకటి ఒళ్లు రుద్దుకోవడానికి, రెండోది కడుక్కోవడానికి. నీళ్లు పోసే ఇంగ్లిషు తరహా మరుగుదొడ్డి కూడా ఆయన హయాంలోనే మహల్లోకి వచ్చింది. ఆ తరహాకి పునాది 1596లో ఎలిజబెత్ రాణి ధర్మపుత్రుడు జాన్ హారింగ్టన్ వేశాడు. వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు గొట్టానికి 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ పేటెంట్ తీసుకున్నాడు. మీ ఇంట్లో కమోడ్ వెనక ఉన్న వంపు దాని సంతతే.

16వ లూయీ భార్య మరీ ఆంత్వానెత్ దగ్గరికి వచ్చేసరికి సంగతి పూర్తిగా తిరగబడింది. ఆమె స్నానం చేసేటప్పుడు మెడదాకా గుండీలు పెట్టిన ఫ్లానెల్ గౌను తొడుక్కునేది. తొట్టెని చక్రాల మీద గదిలోకి తోసుకొచ్చేవారు. నీళ్లలోంచి లేచేటప్పుడు ఎదురుగా దుప్పటి ఎత్తి పట్టుకోవాలి, పనిమనుషులకి కూడా ఒళ్లు కనిపించకూడదు. ఆమె దగ్గర పనిచేసిన మాదాం కాంపాన్ ఇవన్నీ రాసిపెట్టింది. రాణి బరితెగించిందని వీధుల్లో కరపత్రాలు పంచుతున్న రోజులవి. ఆమె మాత్రం నీళ్లలో కూడా గౌను విప్పలేదు. నాకు ఆమె రాజకీయం మీద జాలి లేదు గానీ, ఈ ఒక్క విషయంలో ఆమెకి జరిగింది అన్యాయమే అంటాను.

ప్రశ్న: ఆడవాళ్లు అంత పెద్ద పెద్ద గౌన్లు వేసుకుని బాత్రూమ్‌కి ఎలా వెళ్లేవారు? ప్రయాణాల్లో ఏం చేసేవారు?
— డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

గౌను ఎంత పెద్దదైనా లోపల డ్రాయర్లు వేసుకునేవారు కాదమ్మా. కాబట్టి ఒంటికి వెళ్లాలంటే గౌను విప్పనక్కర్లేదు. పింగాణీతో చేసిన పొడవాటి చిన్న గిన్నె, ఒక చేత్తో పట్టుకోవడానికి పిడి. పనమ్మాయి అందిస్తే నిలబడే పనయ్యేది. పైన బంగారు గీతలు, పూలు వేసి ఉండేవి. ఇవాళ మ్యూజియం అద్దాల బీరువాలో చూసి పులుసు గిన్నె అనుకునేవాళ్లున్నారు.

ప్రయాణాల్లో, ముఖ్యంగా రాజుతో ప్రయాణమంటే నరకం. 14వ లూయీకి బండిలో ఆడవాళ్లు కావాలి, కిటికీలన్నీ తెరిచి ఉండాలి, వాళ్లు దారంతా తింటూ నవ్వుతూ ఉండాలి. బండి ఆపమంటే ఆయనకి కోపం. ఒకసారి వెర్సాయ్ నుంచి ఫాంతేన్‌బ్లోకి వెళ్తూ షెవ్రోజ్ ప్రభువు భార్యని ఎక్కించుకున్నాడు. కాస్త దూరం పోయేసరికే ఆమెకి అవసరం వచ్చింది. చెప్పలేదు. దారిలో భోజనానికి ఆగినా ఆయన బండి దిగలేదు, ఆయన దిగకుండా ఆమె దిగకూడదు. ఆరు గంటలు అలాగే బిగబట్టింది. కళ్లు తిరిగి పడిపోతానేమో అనుకుందట. ఫాంతేన్‌బ్లో చేరి రాజు లోపలికి వెళ్లగానే, చెల్లెలి భర్త బోవిలియే కనిపించాడు. ఆయనకి చెప్పింది. గది దాకా నడిచే ఓపిక కూడా లేదు. ఎదురుగా ప్రార్థనామందిరం తలుపు తెరిచి ఉంటే అందులోకి పరిగెత్తింది, ఆయన తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. ఇద్దరూ మహాభక్తులు. దేవుడి గుడిలో అలా చేయాల్సి రావడం ఆమెకి ఎంత కష్టమనిపించి ఉంటుందో ఊహించు. బస్సు డ్రైవర్‌ని ఆపమని అడగలేక కిటికీ పట్టుకుని కూర్చున్న ఆడపిల్లకెవరికైనా ఆ ఆరు గంటలు అర్థమవుతాయి.

ప్రశ్న: అమ్మా, మా నాన్న మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పని చేసి రిటైరయ్యారు. ఆ 274 కుర్చీల కింది కుండలు ఎవరు ఎత్తిపోసేవారు? చరిత్రలో వాళ్లు ఎందుకు కనిపించరు?
— పాఠకుడు, ఖమ్మం

మీరు అడిగిన ప్రశ్న అందరికన్నా ముందు అడగాల్సింది బాబూ. రాజు కుర్చీ తెచ్చి పెట్టినవాడికి మఖమల్ కోటు దక్కింది. కుండ ఖాళీ చేసి కడిగిన పనివాళ్లకి ఏ కోటూ లేదు. ఆ తెల్లని చొక్కాల సంగతీ అంతే. బూడిద నీళ్లలో ఉడకబెట్టి, ఉతికి, గడ్డి మైదానాల్లో ఎండకి పరిచి తెలుపు తేవాలి. మేలురకం బట్టని తెలుపు చేయించడానికి హాలెండ్‌లోని హార్లెమ్ దాకా పంపేవారు. చొక్కా అందించిన ప్రభువుల పేర్లు వందల పేజీల్లో ఉన్నాయి, ఉతికిన ఆడవాళ్ల చేతులు ఎంత పగిలాయో ఒక్క పేజీ లేదు.

కుండల్లోది, పాయిఖానాల్లోది చివరికి గుంటల్లోకి చేరుతుంది. ఆ గుంటలు తోడేది వేరే మనుషులు. పారిస్‌లో వాళ్లు రాత్రిపూట మాత్రమే పనిచేయాలని ఆజ్ఞ. జనానికి వాసన తగలకూడదు, వాళ్లు కంటపడకూడదు. బకెట్లతో తోడి, పీపాల్లో నింపి, బళ్ల మీద ఊరి బయటికి, ఎక్కువగా మోంఫోకోన్ అనే చోటికి తోలేవారు. గుంటలో పుట్టే విషవాయువుకి ఒక్కసారిగా కుప్పకూలి చనిపోయేవారు. ఒకణ్ని పైకి తీయడానికి దిగిన రెండోవాడూ పోయేవాడు. ఇది ఎంత తరచుగా జరిగిందంటే, 1778లో కాదే, పార్మాంతియే లాంటి పేరున్న రసాయన శాస్త్రవేత్తలు గుంటల మీద పరిశీలన చేసి, గాలి ఎలా ఆడించాలో, సున్నం ఎలా వాడాలో రాశారు.

వీళ్లలో ఒకడు మాత్రం చరిత్రలోకి వచ్చాడు. ఇటలీలో మొదేనా ఊళ్లో రమజీనీ అనే వైద్యుడుండేవాడు. ఆ ఊళ్లో ఇళ్ల గుంటలు మూడేళ్లకోసారి తోడించేవారు. ఆయన ఇంటి గుంట తోడుతుండగా, ఒక పనివాడు ఊపిరాడనంత తొందరగా పనిచేయడం చూశాడు. ఎందుకంత తొందర, మెల్లిగా చేసుకోవచ్చు కదా అని అడిగాడు. ఆ మనిషి గుంటలోంచి కళ్లెత్తి, ఇందులో నాలుగు గంటలకి మించి ఉంటే ఏమవుతుందో దిగినవాడికే తెలుసు, గుడ్డివాడు కావడమే అన్నాడు. బయటికి వచ్చాక వైద్యుడు అతని కళ్లు పరీక్షించాడు. ఎర్రబడి, మసకబారి ఉన్నాయి. ఏం మందు వాడతావని అడిగితే, ఇంటికి పోయి చీకటి గదిలో మర్నాటి దాకా కూర్చుని, గోరువెచ్చని నీళ్లతో కళ్లు కడుక్కోవడమే అన్నాడు. ఆ ఊళ్లో బిచ్చమెత్తుకునే గుడ్డివాళ్లలో ఈ పని చేసినవాళ్లున్నారని రమజీనీకి అప్పుడు తట్టింది. అక్కణ్నుంచి వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంత్రసాని, చాకలి, ఒక్కొక్క పనివాళ్ల దగ్గరికీ వెళ్లి వాళ్ల రోగాలు అడిగి రాసుకున్నాడు. 1700లో అచ్చయిన ఆ పుస్తకంతోనే వృత్తి వ్యాధుల వైద్యం ఒక శాస్త్రంగా మొదలైంది. రోగిని చూసేటప్పుడు నీ పని ఏమిటని కూడా అడగండి అని వైద్యులకి చెప్పినవాడు ఆయన. ఆ ప్రశ్న ఆయనకి నేర్పింది మాత్రం గుంటలోని మనిషే. అతని పేరు ఏమిటో రాసి ఉంటే ఎంత బాగుండేదని ఆ పుట చదివినప్పుడల్లా అనుకుంటాను.

మన దేశంలో చేత్తో మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టంతో నిషేధించారు. కోలార్ బంగారు గనుల ఊళ్లో, ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారికి ఈ పోరాటానికే 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో దిగి పోయినవాళ్ల వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. ఒకణ్ని తీయడానికి ఇంకొకడు దిగడం కూడా అచ్చం అలాగే. మీకు ఒక మనవి. మీ నాన్నగారు చేసిన పని గురించి, ఎప్పుడు లేచేవారు, ఏ వీధులు, ఏ పనిముట్లు, ఎవరు ఎలా పిలిచేవారు, అన్నీ ఆయన చేత చెప్పించి రాసి పంపండి. ఆయన పేరుతో సహా వేయడానికి సంపాదకులు ఒప్పుకున్నారు.

ప్రశ్న: వచ్చే వేసవిలో పిల్లలతో పారిస్ వెళ్తున్నాం. మీరు చెప్పిన వాటిలో ఇప్పుడు ఏవి చూడొచ్చు?
— పాఠకురాలు, డాలస్

ఆ ఎనిమిది పలకల తొట్టె ఉంది. 15వ లూయీ దాన్ని తన ప్రియురాలు మాదాం ద పోంపదూర్ తోటలోకి పంపించేశాడు. అది చాలా చేతులు మారి 1934లో వెర్సాయ్‌కి తిరిగొచ్చింది. నారింజ చెట్లు శీతాకాలం దాచే ఒరాంజెరీ అనే కట్టడంలో పెట్టారు. అన్నట్టు, 14వ లూయీ యవ్వనంలో అత్తర్లు తెగ వాడి, పెద్దయ్యాక వాసన పడక తలనొప్పి తెచ్చుకునేవాడు. ఆయన ఓర్చుకోగలిగిన ఒకే సువాసన నారింజ పువ్వుది. 15వ లూయీ స్నానాల గది గోడల మీది బంగారు చెక్కడాల్లో ఈత కొట్టేవాళ్లు, స్నానం చేసేవాళ్లు కనిపిస్తారు. రాజు సొంత గదులు మామూలు టికెట్ మీద చూపించరు, గైడుతో వెళ్లే ప్రత్యేక సందర్శనకి ముందే బుక్ చేసుకోండి. పిల్లలు ఉన్నారు కాబట్టి ఇంకో మాట. వేసవిలో క్యూలు చాలా పొడుగు. లోపలికి వెళ్లేముందే వాళ్లని బాత్రూమ్‌కి తీసుకెళ్లండి.